తుంగ తవ్వేకొద్దీ వస్తోంది, గడ్డి మందు కొట్టించమంటారా?

పెరటిజామ
మా ఇల్లు ఉప్పల్ దాటాక లోపలికి. ఇంటి వెనక వంద గజాల దాకా ఖాళీ ఉంటే పోయిన వేసవిలో ఎర్రమట్టి, పశువుల ఎరువు ట్రాక్టర్లతో తోలించి మళ్ళు కట్టించాం. బెండ, టమాటా, గోరుచిక్కుడు, ఓ పక్క కనకాంబరాలు వేశాను. వానలు మొదలైనప్పటి నుంచి ఎక్కడ చూసినా తుంగే. పీకితే పైన గడ్డి చేతికొస్తుంది, వారం తిరక్కుండా అదే చోట రెండు మూడు పిలకలు లేస్తాయి. టమాటా మొదళ్ళలోకి కూడా వచ్చేసింది. గోడ పక్కన ఇంకేదో మొక్క, క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న చిన్న తెల్ల పూలు, నడుము ఎత్తుకు పెరిగింది. పని చేయడానికి వచ్చే తోటమాలి "గడ్డి మందు కొట్టేస్తే నెలలో క్లీన్ అమ్మా" అంటున్నాడు. మావారూ సరే అనేశారు. ఇంట్లో చిన్న పిల్లాడు ఆ మట్టిలోనే ఆడతాడు. మా అత్తయ్య పొద్దున్నే పూలకీ తులసికీ అక్కడికే వెళ్తారు. నాకు టెన్షన్‌గా ఉంది. మందు లేకుండా తుంగ పోయే దారి ఉందా? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

వేపపుల్ల
ట్రాక్టర్ మట్టితోనే వచ్చింది. చెరువు మట్టి అయినా ఎర్రమట్టి అయినా తుంగగడ్డలు లేకుండా రావడం అరుదు.

చిత్తూరు_చింత
తోటమాలి చెప్పింది తప్పేం కాదు. మా మామిడి తోటలో చెట్ల మధ్య తుంగా గరికా కలిసి పట్టేసినప్పుడు కూలీలతో తీయిస్తే ఖర్చు తడిసి మోపెడయ్యేది. మందు రెండు విడతలు కొట్టిస్తే ఆ ఏడాదికి అదుపులో ఉంటుంది. చేత్తో పీకుతూ కూర్చుంటే జీవితాంతం పీకుతూనే ఉండాలి.

మల్లెపందిరి
మామిడి తోట వేరు, టమాటా మడి వేరు కదండీ. మామిడి చెట్టు మానుకి మందు పడినా పెద్దగా ఏం కాదు, టమాటా ఆకు మీద తుంపర పడితే ఆ మొక్క పని అయిపోయినట్టే. పైగా ఆవిడ పిల్లాడు ఆడే చోటు అంటున్నారు.

బాల్కనీ_బంతి
ఏ మందు అని అడిగారా తోటమాలిని? "గడ్డి మందు" అంటే షాపులో నాలుగైదు రకాలు ఉంటాయి.

పెరటిజామ
అడిగాను. పేరు తెలీదట, షాపువాడు ఇచ్చింది కొడతాడట. అదే నా భయం.

అగ్రి_చెల్లెలు
పేరు తెలియని మందు ఇంట్లోకి రానివ్వకండి. ఇదొక్కటీ గట్టిగా పట్టుకోండి. నేను అగ్రికల్చర్ బీఎస్సీ చేశాను, ఫీల్డ్‌లో పని చేస్తున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

గడ్డి మందు పేరుతో మీ చేతికి రాగలిగేవి ముఖ్యంగా మూడు. ఒకటి పారాక్వాట్. అది తగిలిన ఆకును మాత్రమే మాడుస్తుంది, లోపలికి దిగదు. మర్నాటికి తుంగ ఎండిపోయి కనిపిస్తుంది, భూమిలో గడ్డ మాత్రం చెక్కుచెదరదు, మళ్ళీ మొలుస్తుంది. కానీ మనిషి కడుపులోకి కొద్దిగా పోయినా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి, దానికి విరుగుడు లేదు. పల్లెల్లో ఎన్ని ఇళ్ళల్లో దీని వల్ల ఏడుపులు విన్నానో. పిల్లలున్న ఇంటి చుట్టుపక్కలకి ఆ డబ్బా రాకూడదు.

రెండోది 2,4-డి. ఇది వెడల్పు ఆకు మొక్కల మీద పనిచేస్తుంది. తుంగ గడ్డలను అది చంపలేదు. మీ టమాటా, వంగ, బెండ మాత్రం దీని గాలి సోకినా చాలు, ఆకులు మెలి తిరిగి ముడుచుకుపోతాయి. పక్క చేలో కొడితే పత్తి పాడైందని రైతులు గొడవ పడేది దీని గురించే.

మూడోది గ్లైఫోసేట్. ఇది లోపలికి దిగుతుంది కాబట్టి ఆకు ఉన్న గడ్డ చస్తుంది. కానీ తుంగగడ్డలు ఒకదానికొకటి వేరుతో కలిసి వరసగా ఉంటాయి. అందులో మొలకెత్తకుండా నిద్రలో ఉన్న గడ్డల దాకా మందు చేరదు. అందుకే "ఒక్కసారి కొడితే క్లీన్" అనే మాట తుంగ విషయంలో నిలవదు. ఇంకో సంగతి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో దీని వాడకం మీద ఆంక్ష పెట్టింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ఉత్తర్వు. మీ తోటమాలి వీపున ట్యాంకు కట్టుకుని వచ్చి కొట్టేది కాదు.

తుంగ కోసమే ఉన్న మందు హాలోసల్ఫ్యూరాన్ మిథైల్. చెరకు తోటల్లో వాడతారు. మీలా అన్నీ కలిపి వేసిన కూరగాయల మడిలో పనికిరాదు, కొన్ని మొక్కలు దెబ్బతింటాయి. కాబట్టి పెరటికి మిగిలేది చెయ్యి, ఎండ, నీడ. అవే తుంగకి అసలు మందులు కూడా.

చిత్తూరు_చింత
అగ్రి చెల్లెమ్మ చెప్పినదాంట్లో పారాక్వాట్ గురించి నాకూ అభ్యంతరం లేదు, మా ఊళ్ళోనూ చూశాం. కూరగాయల మడిలో వద్దంటే ఒప్పుకుంటాను. కానీ మందు అంటేనే విషం అని పట్నం వాళ్ళు అనేస్తే కూలీలు దొరకని రైతు ఏం చేయాలి? ఎకరాల్లో బొరిగెతో కూర్చుంటాడా?

అగ్రి_చెల్లెలు
అన్నా, ఎకరాల సంగతి వేరే చర్చ. అక్కడ కూడా మాస్కు, గ్లోవ్స్ లేకుండా లుంగీ మీద కొట్టేవాళ్ళను రోజూ చూస్తున్నాను. ఇక్కడ అడిగింది వంద గజాల పెరడు.

కోనసీమ_కొబ్బరి
ఇంత గొడవెందుకు. నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచేయండి, వెలుతురు లేకపోతే ఏ గడ్డయినా చస్తుంది. మా వైపు కొబ్బరి మట్టలు కప్పుతాం, అంతే.

బాల్కనీ_బంతి
తుంగ షీట్‌ని పొడుచుకుని వచ్చేస్తుంది! దాని మొలక కొస సూదిలా ఉంటుంది. మల్చింగ్ షీట్ వేసిన మిర్చి తోటల్లో చూడండి, షీట్‌కి చిల్లులు పొడిచి మరీ నిలబడి ఉంటుంది.

కోనసీమ_కొబ్బరి
పల్చటి షీట్ అయితే పొడుస్తుంది. పాత టార్పాలిన్ వేస్తే? మందంగా రెండు పొరల అట్టలు వేసి పైన మట్టలు కప్పితే?

పాలమూరు_రైతుబిడ్డ
అట్ట, టార్పాలిన్ గరికకి బాగా పనిచేస్తాయి. గరికకి నీడ పడదు, చెట్టు కింద గరిక ఎప్పుడూ పల్చగానే ఉంటుంది చూడండి. తుంగ కూడా నీడలో నీరసిస్తుంది గానీ గడ్డలో దాచుకున్న బలంతో చాలాకాలం బతుకుతుంది. కప్పు తీయగానే లేస్తుంది. తుంగని పై నుంచి కాకుండా కింది నుంచి పట్టాలి.

మా దిక్కు మా తాత చేసే పద్ధతి చెప్తా. ఎండాకాలం, ఏప్రిల్ మే నెలల్లో భూమికి తడి లేకుండా వదిలేయాలి. గడ్డపారతో అడుగు లోతు దాకా పెళ్ళలు లేపాలి. తుంగగడ్డలు ఎక్కువ భాగం పైన అరడుగు లోతులోనే ఉంటాయి, కొన్ని అడుగు దాకా దిగుతాయి. పెళ్ళలను పగలగొట్టి, ఇసుక జల్లెడలో మట్టి జల్లిస్తే నల్లటి గడ్డలు పైన నిలుస్తాయి. ఆ గడ్డలకు ఎండ అంటే చావే, తేమ పోతే బతకవు. జల్లెడకి చిక్కని గడ్డల కోసం మట్టిని పల్చగా పరిచి మధ్యమధ్యలో తిరగేస్తూ ఎండనివ్వాలి. ఆ రోజుల్లో ఒక్క బిందె నీళ్ళు కూడా పోయకూడదు. నీళ్ళు పడితే చేసిందంతా వృథా.

వంద గజాలంటే ఇద్దరు మనుషులు ఓపిగ్గా చేయగలిగిన పనే. ఒకే వేసవిలో మొత్తం పోదు, సగానికి పైగా తగ్గుతుంది. రెండో వేసవికి వెతుక్కోవాల్సి వస్తుంది.

వేపపుల్ల
ఊళ్ళో పందులు తుంగ ఉన్న చోటే మూతితో తవ్వుతాయి, గడ్డల కోసం. ఉప్పల్‌లో పందిని తెచ్చుకోమని చెప్పలేం గానీ :)

పెరటిజామ
వేపపుల్ల గారూ, మా కాలనీలో అవి పిలవకుండానే వస్తాయి, గేటు వేసి ఉంచుతున్నాం :) పాలమూరు అన్నా, చాలా వివరంగా చెప్పారు. కానీ ఇప్పుడు ఆగస్టు. ఏప్రిల్ దాకా ఏం చేయాలి? ఈలోగా మడి మొత్తం మింగేసేలా ఉంది.

అగ్రి_చెల్లెలు
ఇప్పుడు చేయాల్సింది కొత్త గడ్డలు పుట్టకుండా ఆపడం. మొలక పైకి వచ్చాక అయిదారు ఆకులు వేసే దాకా అది పాత గడ్డలోని బలం మీదే బతుకుతుంది. ఆ తర్వాతే కింద కొత్త గడ్డ కడుతుంది. కాబట్టి అయిదాకులు రాకముందే తీసేస్తే, ఆ మొలక కోసం గడ్డ ఖర్చు పెట్టిన బలం తిరిగి రాదు. రెండు వారాలకోసారి తప్పకుండా తీస్తూ పోతే గడ్డ క్రమంగా వట్టిపోతుంది. నెలకోసారి తీస్తే మాత్రం మీరు తీసినదానికన్నా అది కట్టుకున్నదే ఎక్కువ.

తీసేటప్పుడు చేత్తో లాగొద్దు. లాగితే మెడ దగ్గర తెగిపోతుంది, గొలుసు తెగి నిద్రలో ఉన్న పక్క గడ్డలు మేలుకుంటాయి. మీరు చెప్పిన "ఒక్కటి పీకితే మూడు" అందుకే. నేల తడిగా ఉన్నప్పుడు బొరిగె లోతుగా గుచ్చి గడ్డతో సహా లేపండి.

మల్లెపందిరి
తుంగే అని ఖాయం చేసుకోవడానికి, ఊచను వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి. మూడు పలకలుగా తగులుతుంది. గడ్డి జాతులకు గుండ్రంగా ఉంటుంది.

పెరటిజామ
ఇప్పుడే వెళ్ళి చూశాను. మూడు పలకలే.

ఎర్రమిరప
నెట్‌లో వెనిగర్, ఉప్పు, డిష్‌వాష్ లిక్విడ్ కలిపి కొట్టమని వీడియోలు బోలెడున్నాయి. ఆర్గానిక్ కదా, అది ట్రై చేయొచ్చుగా?

పాలమూరు_రైతుబిడ్డ
ఉప్పు మట్టిలోకి పోతే అక్కడ ఏదీ సరిగా పెరగదు. మా దిక్కు చౌడు నేలను బాగుచేయడానికి ఏళ్ళ తరబడి కష్టపడుతుంటే మీరు డబ్బులు పెట్టి చౌడు చేసుకుంటారా?

ఎర్రమిరప
సరే, ఉప్పు లేకుండా వెనిగర్ ఒక్కటే?

అగ్రి_చెల్లెలు
వంటింటి వెనిగర్ అయిదు శాతం ఆమ్లం. లేత మొక్కల ఆకులను మాడుస్తుంది, నాపరాళ్ళ సందుల్లో మొలిచే చిన్న మొక్కలకు పనికొస్తుంది. దానికన్నా మరిగే నీళ్ళు నయం, ఖర్చు లేదు. తుంగకి మాత్రం రెండూ పైపైన తగిలేవే.

మల్లెపందిరి
అందరూ తుంగ మీద పడ్డారు, ఆవిడ గోడ పక్కన తెల్ల పూల మొక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పెరటిజామ గారూ, మీరు చెప్పిన ఆకు, పూవు, ఎత్తు చూస్తే అది వయ్యారిభామ. వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు. పిల్లాణ్ణి ముందు అటు పోనివ్వకండి.

మా నాన్నగారికి దీనితోనే ఎలర్జీ. రిటైరయ్యాక ఇంటి పక్క ఖాళీ స్థలం శుభ్రం చేసే పని పెట్టుకున్నారు. మొదట మోచేతుల మడతల్లో దురద, తర్వాత మెడ, కనురెప్పలు ఎర్రగా వాచిపోయాయి. ఎండ పడితే ఇంకా మంట. ఏదో తిండి పడలేదనుకుని వంకాయ మానేశారు, చేపలు మానేశారు. చివరికి చర్మ డాక్టర్ ప్యాచ్ టెస్ట్ చేస్తే వయ్యారిభామ అని తేలింది. ముట్టుకోకపోయినా, ఎండిన ఆకుల పొడి గాలిలో వస్తే చాలు ఆయనకి మళ్ళీ మొదలవుతుంది. మా ఇంటి చుట్టూ అది కనిపిస్తే నేను ఊరుకోలేను.

పెరటిజామ
అయ్యో, తోటమాలి వట్టి చేతుల్తో కొంత పీకాడు మొన్న. నేను అది ఏదో అడవి చామంతి అనుకుంటున్నా.

వేపపుల్ల
మేం కాంగ్రెస్ గడ్డి అంటాం. 1950లలో అమెరికా నుంచి తెచ్చిన గోధుమలతో పాటు దిగిందంటారు. పుణె దగ్గర మొదట గమనించారు. ఇప్పుడు రైలు పట్టాల పక్కన, లేఔట్లలో అది లేని చోటు చూపించండి.

అగ్రి_చెల్లెలు
ఒక్క మొక్క వేలల్లో విత్తనాలు వేస్తుంది, పదివేలు దాటడం మామూలే. మొలిచిన నెల, నెలన్నరకే పూత పడుతుంది. అందుకే పూత రాకముందు పీకడమే ముఖ్యం. పెరటిజామ గారూ, మీది పూతలో ఉంది కాబట్టి ఇలా చేయండి. గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకి గుడ్డ. వాన పడి నేల మెత్తబడ్డాక వేరుతో సహా లాగండి, పైన కోస్తే మళ్ళీ పిలకలు వేస్తుంది. పీకినవి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయండి. పూత ఉన్నది కంపోస్టులో వేయకూడదు. పూత లేని లేత మొక్కలైతే కంపోస్టుకి బాగానే పనికొస్తాయి. తగలబెట్టొద్దు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు.

జబల్‌పూర్‌లో కలుపు మొక్కల మీదే పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉంది. వాళ్ళు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ అవగాహన వారం నడుపుతారు. వానలకి మొలిచి పూతకొచ్చే సమయం ఇదే కాబట్టి ఈ రోజులు పెట్టుకున్నారు.

గోదారిగట్టు
దీన్ని తినే పెంకు పురుగు ఉంది కదా, మెక్సికో నుంచి తెచ్చింది. వానల్లో మా రోడ్డు పక్కన ఆకులన్నీ జల్లెడ చేసేసింది. తెల్లటి రెక్కల మీద నల్ల గీతలు ఉంటాయి. అది కనపడితే పురుగు మందు కొట్టి చంపకండి.

అగ్రి_చెల్లెలు
అవును, 1980లలో బెంగళూరులో తెచ్చి వదిలారు. వానాకాలంలో బాగా తింటుంది, ఎండలకి మట్టిలోకి పోయి పడుకుంటుంది. ఖాళీ స్థలాలకి మంచిదే గానీ పెరట్లో దానికోసం ఎదురుచూడక్కర్లేదు.

ఎర్రమిరప
పాలమూరు అన్న ఉప్పు వద్దన్నారు. మరి వయ్యారిభామకి ఉప్పు నీళ్ళు కొట్టమని వ్యవసాయ శాఖ పాంప్లెట్‌లోనే చూశాను!

పాలమూరు_రైతుబిడ్డ
అది రోడ్డు పక్కకి, బంజరుకి. లీటరుకి 150 నుంచి 200 గ్రాముల ఉప్పు, పూతకి ముందు. పంట వేసుకునే మట్టికి కాదు. పాంప్లెట్ కింది వరస కూడా చదవండి తమ్ముడూ.

కనకదుర్గ_వీధి
వినాయక చవితి పత్రిలో మాచిపత్రి పేరుతో వయ్యారిభామ కట్టలు అమ్మేవాళ్ళను నేను మార్కెట్‌లో చూశాను. ఆకు చూడ్డానికి దగ్గరగా ఉంటుంది. మాచిపత్రి నలిపితే మంచి వాసన వస్తుంది, ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. పిల్లల చేతికిచ్చే ముందు చూసుకోండి.

మల్లెపందిరి
ఇది చాలా మంచి మాట. నాన్నగారు మూడేళ్ళుగా పూజకి మావిడాకు, గరిక, తులసి చాలంటున్నారు.

కనకదుర్గ_వీధి
పెరటిజామ గారూ, కలుపు అని ఉత్తరేణి, గరిక మొత్తం పీకేయకండి, రెండూ పత్రిలో ఉన్నాయి. చవితి ముందు రోజు అందరూ మీ గేటు కొడతారు :)

మిద్దెతోట_విశాఖ
నేనొకటి చెప్పాలి. మీరంతా కలుపు అంటున్నవాటిలో సగం మా వంటింట్లోకి వస్తాయి. పాయలకూర పప్పులో వేస్తే ఆ పులుపు దేనికీ రాదు.

పాలమూరు_రైతుబిడ్డ
మా దిక్కు గంగవాయిలి కూర అంటారు. మా అమ్మ కలుపు తీయడానికి పోయి కొంగు నిండా అదే తెచ్చేది. తుమ్మికూర కూడా. కలుపు తీసిన రోజు ఇంట్లో కూరకి వెతుక్కునే పని లేదు.

అగ్రి_చెల్లెలు
తినండి, మంచిదే. ఒక జాగ్రత్త. పాయలకూరలాగే నేల మీద పాకే పాల మొక్కలు ఉన్నాయి. కాడ తుంచితే తెల్లటి పాలు కారితే అది పాయలకూర కాదు, తినకూడదు. రోడ్డు పక్కదీ మందు కొట్టిన చోటుదీ వద్దు. ఇంకోటి, పాయలకూర పీకి మడిలోనే పడేస్తే కాడ ముక్కలకి మళ్ళీ వేర్లు వస్తాయి. పీకితే గిన్నెలోకి పోవాలి.

బాల్కనీ_బంతి
గలిజేరు సంగతి? మా పక్కింటివాళ్ళు కిడ్నీకి మంచిదని రోజూ తింటున్నారు.

అగ్రి_చెల్లెలు
గలిజేరు పేరుతో రెండు మూడు వేర్వేరు మొక్కలు చలామణి అవుతున్నాయి. అప్పుడప్పుడు పప్పులో వేసుకోవడం వేరు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఆకుకూరను మందులా రోజూ తినేముందు డాక్టర్ని అడగాలి. ఈ ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకి అది మేలు చేయదు.

డాలస్_బాబాయ్
మీరు గరికని పీకేస్తున్నారు, మేం ఇక్కడ దాన్ని పెంచడానికి డబ్బులు పోస్తున్నాం. టెక్సస్‌లో ఇంటి ముందు లాన్ అంటే ఎక్కువగా బెర్ముడా గడ్డి, అంటే మన గరికే. అది పచ్చగా లేకపోయినా, కలుపు కనిపించినా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి ఉత్తరం వస్తుంది. మా అమ్మ ఊరి నుంచి వచ్చి, గడ్డికి ఎరువు వేస్తుంటే చూసి నిర్ఘాంతపోయింది. వినాయక చవితికి మాత్రం తెలుగువాళ్ళందరికీ మా లాన్ నుంచే గరిక.

తుంగ ఇక్కడా ఉంది, పసుపు రకం. నీళ్ళు నిలిచే చోట, స్ప్రింక్లర్ లీకయ్యే చోట ముందు వస్తుంది. లీకు బాగుచేయించి నీళ్ళు తగ్గించాక బాగా తగ్గింది. పెరటిజామ గారూ, మీ మడిలో నీళ్ళు ఎలా పెడుతున్నారు?

పెరటిజామ
పైపుతో మడి మొత్తం తడుపుతాం బాబాయ్ గారూ.

డాలస్_బాబాయ్
మొక్క మొదట్లో మాత్రమే పడేలా డ్రిప్ పెట్టించుకోండమ్మా. మధ్యలో నేల పొడిగా ఉంటే విత్తనంతో వచ్చే కలుపు సగం మొలవదు.

కోనసీమ_కొబ్బరి
దానిపైన నా కొబ్బరి పీచు కప్పండి. ఈసారి ఎవరూ కాదనరనుకుంటా.

అగ్రి_చెల్లెలు
కాదనను. మూడు నాలుగు అంగుళాల మందాన ఎండాకులు, కొబ్బరి పీచు, వేరుశనగ పొట్టు ఏదైనా సరే. తుంగ దానిలోంచీ వస్తుంది గానీ మెత్తటి నేలలో గడ్డతో సహా ఊడి వస్తుంది, తీయడం సులువు. ఖాళీగా ఉన్న మడిలో అలసంద గానీ చిలగడదుంప గానీ ఒత్తుగా వేయండి. నేల కనపడకుండా తీగ పాకితే కింద తుంగ నీరసిస్తుంది.

గోదారిగట్టు
నేను కడియం దగ్గర నర్సరీలో పనిచేస్తాను. మా వ్యాపారం మాటే అయినా చెప్తున్నాను. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క కవరు చింపాక మట్టి చూసుకోండి, చాలా ఇళ్ళకి తుంగ అలాగే చేరుతుంది. పైన తుంగ పిలక కనిపిస్తే ఆ మట్టిని విదిల్చి, గడ్డలు ఏరేసి నాటండి.

రెండోది, నేల మీద తివాచీలా పరుచుకునే పసుపు పూల వెడీలియా. అందరూ అడిగి కొంటారు, నీళ్ళు తక్కువైనా బతుకుతుంది, ఎప్పుడూ పూస్తుంది. తెగిన ప్రతి కణుపూ వేరు వేస్తుంది. కుండీలో దాటనివ్వకుండా ఉంచితే సరే. కాలవ గట్టు పక్కన, చెరువు పక్కన నేలలో మాత్రం నాటకండి. ప్రపంచంలోని వంద చెడ్డ దురాక్రమణ మొక్కల జాబితాలో ఇది ఉంది. లాంటానా, గుర్రపుడెక్క, సుబాబుల్ కూడా అదే జాబితాలో ఉన్నాయి.

మిద్దెతోట_విశాఖ
లాంటానా కూడానా? రంగురంగుల పూలని మా అపార్ట్‌మెంట్‌లో వరసగా పెట్టారు!

గోదారిగట్టు
దాన్ని ఇంగ్లీషువాళ్ళు కలకత్తా తోటకి అందం కోసమే తెచ్చారు. పిట్టలు పండ్లు తిని అడవంతా చల్లాయి. ఇప్పుడు అడవుల్లో గడ్డి మొలవనివ్వదు, ఆకు తింటే పశువులకి కాలేయం దెబ్బతింటుంది. అడవి పక్క ఊళ్ళలో ఉన్నవాళ్ళు దాన్ని నాటకపోవడం మంచిది. గుర్రపుడెక్క కూడా అంతే. ఊదా పూలు బాగుంటాయని తొట్టిలో వేస్తారు, తొట్టి నిండగానే ఎక్కువైనది తీసుకెళ్ళి చెరువులో పడేస్తారు. హైదరాబాద్ చెరువుల మీద ఎన్ని యంత్రాలు పెట్టి తీస్తున్నారో చూస్తున్నారుగా. తొట్టిలోది ఎక్కువైతే ఎండబెట్టి కంపోస్టులో వేయండి, నీళ్ళలో వదలొద్దు.

వేపపుల్ల
మా పక్క ప్లాటు నిండా సర్కారు తుమ్మ. ఓనరు వేరే ఊళ్ళో ఉంటాడు. నరికించినా ఆరు నెలల్లో ఇంకా గుబురుగా వస్తోంది. ముళ్ళు మా గోడ దాటి లోపలికి వచ్చాయి.

పాలమూరు_రైతుబిడ్డ
నేల మట్టానికి నరికితే మొదట్లోంచి పది చిగుళ్ళు వస్తాయి. చుట్టూ తవ్వి, నేల కింద అడుగు లోతులో మొదలు దుంపని తీయిస్తే మళ్ళీ లేవదు. జేసీబీ వచ్చిన రోజు చేయించుకోండి, గంటలో పని. ఓనరు అనుమతి తీసుకునే చేయండి.

చిత్తూరు_చింత
ఈ సర్కారు తుమ్మ మన దేశంలో మొదట నాటింది మా పక్క జిల్లా కడపలోనే, 1877లో, కమలాపురం దగ్గర. వంటచెరకు కోసం అటవీ శాఖ వాళ్ళు తెప్పించారు. కరువులో మా వాళ్ళకి బొగ్గు అమ్ముకుని బతకడానికి ఆ చెట్టే దిక్కయింది, అదీ నిజమే. కానీ కుంటల్లో పడ్డాక కుంటలు మాయమయ్యాయి.

పెరటిజామ
అందరికీ థాంక్స్. మావారికి ఇదంతా చదివి వినిపించాను, గడ్డి మందు వద్దనుకున్నాం. వయ్యారిభామ నిన్న వాన వెలిశాక గ్లోవ్స్ వేసుకుని మొత్తం పీకించాం, సంచుల్లో కట్టి మేడ మీద పెట్టాం. తోటమాలికి చేతులు కాస్త దురద పెట్టాయట, డాక్టర్‌కి చూపించుకోమని పంపాం. డ్రిప్ పైపు అడుగుతున్నాం. తుంగకి రెండు వారాలకోసారి బొరిగె, ఏప్రిల్‌లో జల్లెడ.

రెండు డౌట్లు మిగిలాయి. ఎరువుతో కూడా విత్తనాలు వచ్చాయా? తవ్విన తుంగగడ్డలు కంపోస్టులో వేయొచ్చా?

అగ్రి_చెల్లెలు
ఎరువు సరిగా మాగకపోతే వస్తాయి. పశువు పేగుల్లోంచి వచ్చినా చాలా విత్తనాలు మొలుస్తాయి. కుప్ప లోపల 55, 60 డిగ్రీల వేడి పుట్టి, మధ్యలో తిరగేసి ఉంటే చస్తాయి. ఈసారి ఎరువు కొనేటప్పుడు చేత్తో తీసి చూడండి. పేడ వాసన రాకుండా పొడిపొడిగా రాలాలి. తెచ్చాక ఒక మూల తడిపి రెండు వారాలు ఉంచండి, మొలిచేవన్నీ అక్కడే మొలుస్తాయి, తిరగేసి వాడుకోండి.

తుంగగడ్డలు కంపోస్టులో వద్దు. ఇంటి కంపోస్టుకి అంత వేడి రాదు, చల్లగా తడిగా ఉండి బతికిపోతాయి.

మిద్దెతోట_విశాఖ
గ్రో బ్యాగుల్లో తుంగ వచ్చినా ఇదే పద్ధతి. బ్యాగు మొత్తం గచ్చు మీద బోర్లించి, గడ్డలు ఏరి, మట్టిని ఎండబెట్టి మళ్ళీ నింపుకోండి. గచ్చు వేడికి పని తొందరగా అవుతుంది.

చిత్తూరు_చింత
ఎండిన గడ్డలు పారేయకండమ్మా. తుంగముస్తలు ఆయుర్వేదంలో వాడతారు, కడిగి ఎండబెట్టినవి మూలికల షాపుల్లో కొంటారు. మందు కొట్టని నేలవి కాబట్టి మీవి పనికొస్తాయి.

పెరటిజామ
ఇసుక జల్లెడ ఏ సైజుది తీసుకోవాలి అన్నా? తాపీ మేస్త్రీల దగ్గర రెండు మూడు రకాలు కనిపించాయి.

పాలమూరు_రైతుబిడ్డ
గోడ కట్టే ఇసుక జల్లించేది తీసుకోండి, ప్లాస్టరింగ్ జల్లెడ వద్దు, అందులో మట్టి దిగదు. మట్టి బాగా పొడిగా ఉన్నప్పుడే జల్లించండి. ఈ ఏడు పంట అయిపోయాక, ఫిబ్రవరిలోనే ఆ మడికి నీళ్ళు మానేయండి.